వూఫరు పెట్టెలో తుమ్మెద

రాత్రి పదిన్నర. టి.వి.లో సినిమా అయిపోయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. పాట లేదు, మాట లేదు. కాని గది మూల నేల మీద ఉన్న నల్ల పెట్టెలోంచి మాత్రం ‘గుంయ్...’ మని ఒక మోత ఆగకుండా వస్తూనే ఉంది. లోపల తుమ్మెద ఏదైనా చిక్కుకుపోయిందేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చెవి పెడితే, తుమ్మెద కన్నా బొంగురుగా, ఇంకా లోతుగా ఉంటుంది ఆ గొంతు.

మీ ఇంట్లో స్పీకర్లతోబాటు సబ్‌వూఫరు ఉంటే ఈ మోత మీకు పరిచయమే. లేకపోతే ఏ మేనమామ ఇంట్లోనో వినే ఉంటారు. “పాత పెట్టె కదా, అంతే” అంటారు కొందరు. “కొత్తదే, అయినా అంతే” అంటారు మరికొందరు. రెండూ సరికాదు. ఆ మోత ఊరికే రాదు. ఉత్తరం మీద అది బయలుదేరిన ఊరి తపాలా ముద్ర ఉన్నట్లే, ఈ మోత మీద కూడా అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిపే ముద్ర ఉంటుంది. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ధ్వని, విద్యుత్తు పాఠాలు చదివినవాళ్ళు ఎవరైనా ఆ ముద్ర చదవగలరు.

మా పక్క వాటాలో ఉండే కుర్రవాడు ఒకడు అలాగే చదివాడు. వాడికి ఆ అవసరం ఎందుకు వచ్చిందో, మధ్యలో వాళ్ళమ్మకి చెయ్యి ఎందుకు జివ్వుమన్నదో కాస్త తరవాత చెబుతాను. ముందు ఆ పెట్టె సంగతి చూద్దాం.

భౌమనే స్పీకరు

కుక్క మొరుగుడిని మనం ‘భౌ’ అంటాం. ఇంగ్లీషువాళ్ళు ‘వూఫ్’ అంటారు. బొంగురు ధ్వనులు పలికే పెద్ద స్పీకరుకి వూఫరు అన్న పేరు అలా వచ్చింది. పిట్టలా కిచకిచలాడే బుల్లి స్పీకరు పేరు ట్వీటరు. వూఫరు కన్నా ఇంకా కిందికి దిగేది సబ్‌వూఫరు. సెకనుకు 20 కంపనాల దగ్గరినుంచి సుమారు 120, 150 కంపనాల దాకా ఉండే ధ్వనులు దాని వంతు. సినిమాలో ఉరుము ఉరిమినా, డప్పు మీద దెబ్బ పడినా, లారీ ఇంజను గుడగుడలాడినా ఆ పెట్టె పలుకుతుంది. హీరో మాటలు దాని పని కాదు.

ఇంత బొంగురు ధ్వనికి అంత పెద్ద పెట్టె ఎందుకో ఆలోచించారా? స్పీకరులో ముందుకీ వెనక్కీ ఊగే కాగితపు గిన్నె ఉంటుంది. దాన్ని కోను అంటారు. అది గాలిని తోస్తేనే ధ్వని పుడుతుంది. పౌనఃపున్యం సగానికి తగ్గితే, అంతే ధ్వని పుట్టించడానికి కోను నాలుగు రెట్లు దూరం ఊగాలి. పావుకి తగ్గితే పదహారు రెట్లు! చిన్న స్పీకరు కోనుకి అంత ఊగే శక్తి లేదు. అందుకే పెద్ద కోను, పెద్ద పెట్టె, దానికి సొంతంగా ఒక యాంప్లిఫైయరు.

మన చెవి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అన్ని ధ్వనులనూ అది సమానంగా వినదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు ఈ సంగతిని కొలిచి చూపించారు. సెకనుకు 1000 కంపనాల ధ్వని చాలా కొంచెం ఉన్నా మనకు వినిపిస్తుంది. సెకనుకు 50 కంపనాల ధ్వని చెవికి ఆనాలంటే దానికన్నా పదివేల రెట్లకు పైగా తీవ్రత కావాలి. అంటే, మీ గదిలో ఆ మోత స్పష్టంగా వినిపిస్తోందంటే పెట్టె ఊరికే గొణగటంలేదన్నమాట. బాగానే కష్టపడుతోంది.

ఇంకో మాట. సబ్‌వూఫరు కొనక ముందు కూడా ఆ మోత మీ ఇంటి వైర్లలో ఉండి ఉండవచ్చు. చిన్న స్పీకర్లు దాన్ని పలకలేక ఊరుకున్నాయి. దాన్ని పలకగలిగే నోరు ఇప్పుడు మీ ఇంటికి వచ్చింది, అంతే.

రామగుండం నుంచి వచ్చిన ముద్ర

మన ఇళ్ళకి వచ్చే కరెంటు ఏ.సి. అని మీకు తెలుసు. దాని దిశ మారుతూ ఉంటుంది. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగి వస్తుంది. ఈ 50 ఎక్కడిది? రామగుండంలోని ఎన్.టి.పి.సి. కేంద్రంలాంటి థర్మల్ కేంద్రాల్లో టర్బైను, జనరేటరు నిమిషానికి 3000 సార్లు తిరుగుతాయి. 60తో భాగించండి. సెకనుకు 50. జనరేటరు ఒకసారి తిరిగితే కరెంటు ఒకసారి ఊగుతుంది. కాబట్టి మీ గది మూల ‘గుంయ్’మంటున్నది, ఒక రకంగా, ఎక్కడో ఉన్న ఆ టర్బైను తిరుగుడే.

రామగుండం ఒక్కటే కాదు. ఒకే గ్రిడ్డుకి కలిసి ఉన్న జనరేటర్లన్నీ ఒకే తాళంలో తిరగాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోవడం కుదరదు. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్డు తాళం వేరు, ఉత్తరాది తాళం వేరు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల మధ్య 765 కిలోవోల్టుల లైను వేసి రెండింటినీ కలిపారు. ఆనాటినుంచి శ్రీకాకుళంలో మోగే పెట్టె, జమ్మూలో మోగే పెట్టె ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. అమెరికాలో అయితే ఈ మోత శ్రుతి వేరు. అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది.

అయితే ఇంట్లో వినిపించే మోత ఎప్పుడూ 50 మాత్రమే కాదు. రెట్టింపు, అంటే 100 కూడా కావచ్చు. ఈ తేడాయే మన ముద్రలో అసలైన అక్షరం. ఎందుకో చూడండి.

యాంప్లిఫైయరుకి పని చెయ్యడానికి ఏ.సి. పనికిరాదు. దిశ మారని డి.సి. కావాలి. అందుకని లోపల నాలుగు డయోడ్లు కూర్చుని, వెనక్కి పోయే సగాన్ని కూడా ముందుకి తిప్పుతాయి. దాంతో సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగే కరెంటు, సెకనుకు 100 సార్లు ముందుకే తోసే కరెంటు అవుతుంది. ఆ తోపుల మధ్య ఖాళీలను పూడ్చడానికి పెద్ద కెపాసిటరు ఒకటి పెడతారు. మున్సిపాలిటీ పంపు ఆగి ఆగి వచ్చినా, మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంటే వంటింటి కుళాయిలో ధార తెగదు కదా? కెపాసిటరు ఆ ట్యాంకులాంటిది. ఏళ్ళు గడిచి, వేడికి దాని లోపలి ద్రవం ఎండిపోతే ట్యాంకుకి చిల్లి పడ్డట్టే. ధార తెగి తెగి వస్తుంది. అప్పుడు స్పీకరు సెకనుకు 100 కంపనాలతో మోగుతుంది.

అంటే సాధారణంగా 100 మోతలో దోషం పెట్టె లోపల ఉంటుంది. 50 మోత చాలామటుకు బయటినుంచి, వైరు వెంట వస్తుంది. రెండూ కలిసి కూడా రావచ్చు. కాని మొదటి అనుమానానికి ఇది చాలు.

50కీ 100కీ తేడా చెవితో ఎలా పట్టడం? మీలో సంగీతం నేర్చుకునేవాళ్ళకి ఇది తేలిక. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి తంబురాలో పంచమం తీగ సెకనుకు సుమారు 98 సార్లు కంపిస్తుంది. పెట్టె మోత ఆ తీగతో దాదాపు కలిసిపోతే అది 100 అన్నమాట. అంతకన్నా ఒక స్థాయి కింద ఉంటే 50. సంగీతం రానివాళ్ళు బెంగపడనక్కరలేదు. ధ్వనిలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో గీతలు గీసి చూపించే ఉచిత అప్లికేషన్లు మొబైలు ఫోనుల్లో దొరుకుతాయి. ఫోనుని పెట్టె పక్కన పెడితే ఏ అంకె దగ్గర గీత లేచిందో కనబడుతుంది.

మన ఇళ్ళల్లో మరో సూచన కూడా దొరుకుతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకున్నప్పుడు చెవి పెట్టి వినండి. చవకరకం ఇన్వర్టరు కరెంటు నున్నటి అలలా కాకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది. అప్పుడు ఫ్యాను ‘గుర్ర్’మన్నట్లే పెట్టె మోత కూడా గరగరలాడితే, దాని మూలం కరెంటే అని ఇంకొక సాక్ష్యం.

గిన్నెల స్టాండు చేసే మోసం

పరిశోధన మొదలుపెట్టే ముందు ఒక నకిలీ దొంగని పక్కన పెట్టాలి. పాట వస్తున్నప్పుడు మాత్రమే ‘టిరర్ర్’ మని వినిపించి, పాట ఆగితే ఆగిపోయే చప్పుడు ఉంటుంది. దానికి కరెంటుతో సంబంధం లేదు. కిటికీ అద్దమో, బీరువా తలుపో, వంటింట్లో స్టాండు మీది స్టీలు పళ్ళేలో చేసే పని అది. ప్రతి వస్తువుకీ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. పాటలో సరిగ్గా ఆ స్వరం రాగానే అది ఊగడం మొదలుపెడుతుంది. మీ పుస్తకంలో దీన్నే అనునాదం అన్నారు. చప్పుడు వచ్చినప్పుడు అనుమానం ఉన్న వస్తువుల మీద ఒక్కొక్కదాని మీద చెయ్యి ఆనించి చూడండి. దేనిమీద చెయ్యి వేస్తే చప్పుడు ఆగుతుందో అదే దొంగ. రబ్బరు ముక్కో, మడిచిన అట్టో పెడితే సరిపోతుంది.

గది కూడా వస్తువే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 50 కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం 345ని 50తో భాగిస్తే వస్తుంది: 6.9 మీటర్లు. అందులో సగం 3.45 మీటర్లు, అంటే పదకొండు అడుగుల పైచిలుకు. మన ఇళ్ళలో చాలా గదుల కొలత దాదాపు ఇంతే! అలాంటి గదిలో ఎదురెదురు గోడల మధ్య ఈ ధ్వని స్థిర తరంగంగా నిలబడిపోతుంది. గోడ దగ్గర నిలబడితే మోత గట్టిగా వినిపిస్తుంది. నడుచుకుంటూ గది మధ్యకి వస్తే సన్నబడిపోతుంది. అవతలి గోడ దగ్గరికి వెళ్తే మళ్ళీ పెరుగుతుంది. మీ ఇంట్లో మోత ఉంటే ఇవాళే నడిచి చూడండి. నాన్నగారు కుర్చీలో కూర్చుని “నాకేం వినబడటంలేదే” అంటే ఆయన అబద్ధమాడుతున్నారనుకోకండి. ఆయన కుర్చీ గది మధ్యలో ఉండి ఉంటుంది.

మా పక్క వాటాలో జరిగింది

ఇక ఆ కుర్రవాడి సంగతి. వాడు చదివేది తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్నగారు సబ్‌వూఫరున్న స్పీకర్ల సెట్టు కొన్నారు. మొదటి రోజునుంచే మోత. రిపేరుకి తెలిసినవాళ్ళెవరో ఒక మనిషిని పంపించారు. అతను పెట్టె తాలూకు మూడు పిన్నుల ప్లగ్గు విప్పి, పెద్ద పిన్నుకున్న ఆకుపచ్చ వైరు పీకేశాడు. మోత టక్కున ఆగిపోయింది. ఇల్లంతా సంతోషం. అతను కూలి తీసుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరవాత వాళ్ళమ్మ వట్టి కాళ్ళతో గచ్చు మీద నిలబడి, తడిగుడ్డతో ఆ పెట్టె వెనక దుమ్ము తుడుస్తోంది. వెనకవైపు యాంప్లిఫైయరుకి ఇనప రేకు ఉంటుంది. చెయ్యి తగలగానే జివ్వుమంది. పెద్ద షాకు కాదు, కాని ఆవిడ హడలిపోయింది. సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చి, “బాబాయిగారూ, మోత పోయింది గాని షాకు వచ్చిందండీ. ఇదేం బేరం?” అన్నాడు.

నేను చేసిన మొదటి పని వాళ్ళ నాన్నగారి చేత మెయిను కట్టించి, ఆ ఆకుపచ్చ వైరుని మళ్ళీ పిన్నుకి బిగింపించడం. వెంటనే మోత తిరిగి వచ్చింది. రానీ. ఇప్పుడు దాన్ని సరైన దారిలో వెతుకుదాం అన్నాను.

వాడు వెతికిన పద్ధతి మీకూ పనికొస్తుంది కనక చెబుతున్నాను. నియమాలు రెండే. ఏ వైరు పీకాలన్నా, పెట్టాలన్నా ముందు స్విచ్చి కట్టేసి, ప్లగ్గు తీసి, పెద్దవాళ్ళు పక్కన ఉండగా చెయ్యాలి. పెట్టె మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తరవాత కూడా లోపలి కెపాసిటరులో కరెంటు దాగి ఉంటుంది. ఇక ఒకసారికి ఒకే ఒక్క మార్పు చెయ్యాలి. రెండు మార్పులు కలిపి చేస్తే మోత దేనివల్ల ఆగిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ముందు ఫోను పెట్టి చూశాడు. గీత 50 దగ్గర లేచింది. 100, 150 దగ్గర చిన్న గీతలు. సరే, అనుమానం వైర్ల మీద. టి.వి. నుంచి సబ్‌వూఫరుకి పాట మోసుకొచ్చే వైరుని సబ్‌వూఫరు దగ్గర పీకాడు. మోత పూర్తిగా ఆగింది. అంటే పెట్టె నిర్దోషి. పీకితే కూడా మోత ఆగకపోతే పెట్టెని మెకానిక్కు దగ్గరికి పంపవలసి వచ్చేది. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ఆ వైరుని టి.వి. వైపు పీకి, రెండో కొస పెట్టెకే ఉంచేస్తారు. అప్పుడు వేలాడే వైరు ఏరియలులా పనిచేసి గదిలోని కరెంటు గోలనంతా పట్టుకుంటుంది. మోత తగ్గకపోగా పెరుగుతుంది. అందుకని పెట్టె దగ్గరే పీకాలి.

వైరు మళ్ళీ పెట్టి, అది సాకెట్టులో గట్టిగా కూర్చుందో లేదో చూశాడు. కూర్చుంది. సగం మాత్రమే దూరి, బయటి రింగు తగలకపోతే భయంకరంగా మోగుతుంది. చాలా ఇళ్ళల్లో రోగం అంతవరకే. తరవాత ఆ వైరు కరెంటు వైర్ల పక్కన ఆనుకుని పోతోందేమోనని చూసి, దూరంగా జరిపాడు. కొంచెం తగ్గింది. ఫ్యాను రెగ్యులేటరు తిప్పి చూశాడు. తేడా లేదు. టి.వి. స్విచ్చి ఆపాడు. మోత ఆగలేదు. టి.వి. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా పీకేశాడు. అయినా ఆగలేదు!

అప్పుడు వాడి ముఖం చూడాలి. “కరెంటే లేని టి.వి. లోంచి కరెంటు మోత ఎలా వస్తుందండీ?” అన్నాడు. మంచి ప్రశ్న. “ఆ టి.వి.కి ఇంకేం వైర్లు ఉన్నాయిరా?” అన్నాను. వెనక్కి వంగి చూశాడు. టి.వి. పక్కన సెట్‌టాప్ బాక్సు, దానికి వీధిలోంచి వచ్చిన లావుపాటి కేబులు వైరు. ఆ కేబులు మర విప్పాడు. కత్తితో కోసినట్లు మోత ఆగిపోయింది.

రెండు సున్నాల మధ్య తేడా

ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. భూమి వోల్టేజి సున్నా అని మనం పుస్తకంలో రాసుకుంటాం. కాని మీ పెరట్లో పాతిన ఎర్తు సున్నా, వీధి చివర కేబులు టి.వి. వాళ్ళ పరికరం దగ్గరి సున్నా అచ్చంగా ఒకటే సున్నా కావు. నేలకి కూడా నిరోధం ఉంది. నేలలోకి రకరకాల ఇళ్ళనుంచి కారే కరెంటు ఉంది. కాబట్టి ఈ రెండు చోట్ల మధ్య కొంచెం వోల్టేజి తేడా ఉంటుంది. అది కూడా సెకనుకు 50 సార్లు ఊగే తేడాయే.

కేబులు పైతొడుగు లోహపు జాలీ. అది వీధిలోని ఎర్తునుంచి సెట్‌టాప్ బాక్సుకి, అక్కడినుంచి టి.వి.కి, టి.వి. నుంచి పాట వైరు జాలీకి, అక్కడినుంచి సబ్‌వూఫరుకి, సబ్‌వూఫరు మూడో పిన్ను ద్వారా ఇంటి ఎర్తుకి కలిసింది. ఎర్తు నుంచి ఎర్తుకి భూమి ఉండనే ఉంది. ఒక పెద్ద వలయం పూర్తయింది! ఇందులో టి.వి.కి కరెంటు ఉందా లేదా అన్నదానితో పని లేదు. జాలీల గుండా కరెంటు తిరుగుతూనే ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని గ్రౌండు లూపు అంటారు.

ఆ కరెంటు చాలా తక్కువ. 10 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. పాట వైరు జాలీ నిరోధం ఒక ఓములో పదో వంతు అనుకుందాం. ఓం నియమం వాడండి: 0.01ని 0.1తో గుణిస్తే 0.001 వోల్టు, ఒక మిల్లీ వోల్టు. ఇంతేనా అనకండి. ఆ జాలీయే పాటకి తిరుగు దారి కూడా. కనక ఈ మిల్లీ వోల్టు పాటతో కలిసిపోయి యాంప్లిఫైయరులోకి పోతుంది. పాట గట్టిగా ఉన్నప్పుడు ఒక వోల్టు దాకా ఉండవచ్చు, అప్పుడు ఇది వినబడదు. పాట మెల్లగా ఉన్నప్పుడు, ఆగిపోయినప్పుడు ఆ మిల్లీ వోల్టే రాజు. పైగా సబ్‌వూఫరు పలకడానికి పుట్టిందే ఆ 50 ప్రాంతపు ధ్వనిని!

వలయానికి ఇంకో గుణం ఉంది. 1831 ఆగస్టు 29న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఆరంగుళాల ఇనప కడియానికి ఒకవైపు ఒక తీగచుట్ట, రెండోవైపు ఇంకొక తీగచుట్ట చుట్టాడు. మొదటి చుట్టకి బ్యాటరీ తగిలించగానే, దానికి ఏమాత్రం తగలని రెండో చుట్టకున్న సూది ఉలిక్కిపడింది. అయస్కాంత క్షేత్రం మారితే, దాని చుట్టూ ఉన్న వలయంలో కరెంటు పుడుతుందని ప్రపంచానికి అలా తెలిసింది. మన గదిలో ఫ్యాను మోటారు, గోడలో కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సెకనుకు 50 సార్లు మారే అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతూనే ఉంటాయి. వైర్లు గది అంచుల వెంట చుట్టూ తిరిగి పెద్ద వలయమైతే అందులో ఎక్కువ వోల్టేజి పుడుతుంది. అందుకే సబ్‌వూఫరు, టి.వి., సెట్‌టాప్ బాక్సు అన్నిటినీ ఒకే చోట ఉన్న సాకెట్లకి తగిలించి, వైర్లను ఒకదాని పక్కన ఒకటి పోనిస్తే వలయం సన్నబడి మోత తగ్గుతుంది. ఖర్చులేని వైద్యం కదా, మొదట అది చేసి చూడాలి.

పెద్ద పిన్ను ఎందుకు పెద్దది?

ఇప్పుడు ఆ రిపేరు మనిషి చేసిన పని అర్థమవుతుంది. ఎర్తు వైరు పీకి అతను కూడా వలయాన్ని తెంచాడు. మోత ఆగింది. భౌతికశాస్త్రం ప్రకారం తప్పులేదు. కాని తెంచకూడని చోట తెంచాడు.

మూడు పిన్నుల ప్లగ్గుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పై పిన్ను మిగతా రెండింటికన్నా లావు, పొడుగు. పొడుగు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర అదే వదలాలి. కరెంటు రాకముందే కాపలా రావాలి, కరెంటు పోయాకే కాపలా పోవాలి. లావు ఎందుకంటే, అది పొరపాటున వేరే రంధ్రంలో దూరకూడదు. పెట్టె లోపల ఏ వైరు తోలో ఊడి ఇనప రేకుకి తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే, ఆ కరెంటు ఒక్కసారిగా ఆకుపచ్చ వైరు వెంట పోతుంది, ఫ్యూజు పోతుంది, లేదా ఎం.సి.బి. పడిపోతుంది. మనిషికి ఏమీ కాదు. ఎర్తు లేకపోతే ఫ్యూజు పోదు. రేకు 230 వోల్టులతో నిశ్శబ్దంగా కాచుకుని ఉంటుంది. తడిచేత్తో తాకినవాళ్ళే దానికి ఎర్తు అవుతారు.

ఆ రోజు వాళ్ళమ్మకి తగిలింది అలాంటి కరెంటు కాదు. కొన్ని పరికరాల్లో కరెంటు గోలని వడకట్టడానికి కరెంటు వైర్లకీ రేకుకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు ఉన్నంతకాలం వాటిగుండా కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్తు తీసేస్తే రేకు మీదే ఉండిపోతుంది. ఎర్తు లేని ఇళ్ళలో కంప్యూటరు పెట్టె తాకితే చెయ్యి జివ్వుమనేది, టెస్టరు పెడితే వెలిగేది ఇందుకే. అది ప్రాణం తీసేటంత కరెంటు కాదు. కాని పెట్టెకి కాపలా లేదని ఆవిడకి అది చెప్పింది. మరో నెలకో, మరో ఏడాదికో లోపలి వైరు తోలు ఊడి ఉంటే చెప్పడానికి అంత వ్యవధి ఉండేది కాదు. ఎర్తు తీసేసి మోత ఆపమని మీకు ఎవరు సలహా ఇచ్చినా, ఎంత అనుభవం ఉన్నవాళ్ళు ఇచ్చినా, ఒప్పుకోకండి.

మరి వలయాన్ని ఎక్కడ తెంచాలి? పాట పోయే దారిలో తెంచాలి. పాట మాత్రం పోవాలి, జాలీ కరెంటు పోకూడదు. ఇదేం గొంతెమ్మ కోరిక అనుకుంటున్నారా? ఫారడే కడియాన్ని మళ్ళీ తలుచుకోండి. రెండు చుట్టలు ఒకదానికొకటి తగలవు, అయినా ఒకదాని ఊపు రెండోదానికి అందుతుంది. పాట వైరు మధ్యలో అగ్గిపెట్టంత ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెడితే, పాట అయస్కాంత క్షేత్రం మీద ఎక్కి అవతలికి దాటుతుంది. తీగలు కలిసిలేవు కనక వలయం తెగిపోతుంది. మోతకి కారణమైన సూత్రమే మోతకి మందు కూడా అయిందన్నమాట. వీధి కేబులు వచ్చే చోట పెట్టడానికి కూడా ఇలాంటి ఐసొలేటర్లు దొరుకుతాయి. చాలా టి.వి.లకి వెనక ఇంకొక మార్గం కూడా ఉంది. ఎర్రటి కాంతి తొంగిచూసే చిన్న చదరపు రంధ్రం అది. జపానులో తోషిబా వాళ్ళు 1983లో తెచ్చిన పద్ధతి. అందులో పాట కాంతి మిణుకులుగా, ప్లాస్టిక్కు పోగు వెంట పోతుంది. కాంతికి ఎర్తుతో పనేముంది? అయితే స్పీకర్ల సెట్టుకి కూడా అలాంటి రంధ్రం ఉండాలి.

మా వాడి సెట్టుకి ఆ రంధ్రం లేదు. అందుకని వాళ్ళ నాన్నగారు కేబులు వైరుకి ఐసొలేటరు తెచ్చి పెట్టించారు. ఎర్తు ఎక్కడిది అక్కడే ఉంది. ఆ రాత్రి సినిమా అయిపోయాక నేనూ వెళ్ళి విన్నాను. పెట్టె దగ్గర చెవి పెట్టినా చప్పుడు లేదు. వాడు మాత్రం తల ఎత్తి గోడకేసి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ పెట్టె గోలలో వినబడలేదట గాని, గోడమీది పాత ట్యూబులైటు చోకు సన్నగా మోగుతోంది. ఏ శ్రుతిరా అన్నాను. కాసేపు విని, “తంబురా పంచమమేనండీ. ఇది వందే” అన్నాడు.